దోసిట్లో నీళ్ళు

మేడం పోయారని నాకు ఫోన్లో చెప్పినాయన ఆ మాట చెప్పి ఊపిరైనా తీసుకోకుండా, ఆదివారం తెనాలిలో సంతాప సభ అనీ, నేను రెండు నిమిషాలు మాట్లాడాలనీ చెప్పాడు. ఏం మాట్లాడాలో కూడా ఆయనే చెప్పాడు. 'కాపురాలు నిలబెట్టిన కల్పవల్లి' అని బ్యానరు రాయిస్తున్నారట, నా మాటలు దానికి తగ్గట్టు ఉండాలట. గుంటూరులో మా ఆఫీసులో రిసీవరు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు ఒళ్ళు మండింది. ఆవిణ్ణి తెనాలి ఆఫీసులోంచి పంపించేసిన వాళ్ళే ఆవిడకి బ్యానరు కడుతున్నారు.

సభలో నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద నా చేతిలోంచి మైకు లాక్కునేవాడెవడూ ఉండడు కదా.

తెనాలిలో కుటుంబ సలహా కేంద్రం పెట్టిన కొత్తలో మొదటి కౌన్సిలరు మేడం. ఎనభైల మధ్యలో నేను యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదువుతూ ఫీల్డ్ వర్క్ కోసం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మాది బాపట్ల. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలిలో దిగి, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేదాన్ని. అద్దె ఇల్లు. ముందు గదిలో కమిటీ వాళ్ళ కుర్చీలు, లోపలి గదిలో మేడం, వెనక రేకుల వరండా. కమిటీ అంటే ఊళ్ళో పెద్దమనుషులు. వాళ్ళకి అధ్యక్షుడు ఒక రైసు మిల్లు ఆయన. రిక్షావాణ్ణి కుటుంబ సలహా కేంద్రానికి పోనియ్యమంటే ఎక్కడండీ అది అనేవాడు. రాజీ ఆఫీసంటే మాత్రం సందుల్లోంచి దగ్గర దారిలో తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో అందరూ దానికి పెట్టిన పేరు అది. ఆ పేరు వింటే మేడంకి మంట.

మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఏం చదివావని అడిగారు. నేను ఉత్సాహంగా సిద్ధాంతాలన్నీ వల్లించాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీ పుస్తకాల్లో అత్తగారు ఉందా ఏంటమ్మా?" అన్నారు. లేదండి అన్నాను. అయితే ఆ పుస్తకాలు కొన్నాళ్ళు పక్కన పెట్టమన్నారు. ఇక్కడ అత్తగారు లేని కేసు ఉండదు, ఆవిడ పోయి ఫొటోలో ఉన్నా సరే కేసులో ఉంటుంది అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

మనిషి పొట్టి. నూలు చీర, చేతిలో వైరు బుట్ట, ఎండైనా వానైనా గొడుగు. బుట్టలో ఎప్పుడూ నిమ్మ బిళ్ళల పొట్లం ఉండేది. గది లోపలికి మొగుణ్ణీ పెళ్ళాన్నీ తప్ప ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఇద్దరికీ ఒకే బెంచీ. పెద్దలంతా రేకుల వరండాలో ఉడికిపోతూ కూర్చోవాల్సిందే. లోపల ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే ఆవిడ ఆపేవారు కాదు, వినేవారు. గొంతులు మరీ పైకి లేచాక పొట్లం విప్పి చెరొక బిళ్ళ చేతిలో పెట్టేవారు. పెద్దావిడ ఇచ్చింది కదా అని నోట్లో వేసుకునేవాళ్ళు. నోట్లో బిళ్ళ ఉంటే ఎవరూ అరవలేరు. ఒక గుమాస్తా, అతని భార్య అట్లా బిళ్ళలు చప్పరిస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేసుకుని, ఇంక మళ్ళీ మా ఆఫీసుకి రాలేదు. అన్నీ అట్లా నవ్వుతో పోయేవి కాదనుకోండి.

ఆ నిమ్మ బిళ్ళ కమిటీ వాళ్ళకీ ఇచ్చేవారు. అధ్యక్షుడు గారు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, నాకు షుగరు మేడం అనేవారు. ఆఫీసు వార్షికోత్సవం రోజు ఆయన మైసూరుపాకం ముక్క మీద ముక్క తినడం నేను కళ్ళారా చూశాను. మేడం కూడా చూశారు. అయినా మర్నాడు ఎప్పటిలాగే పొట్లం చాపారు. ఆయన ఎప్పటిలాగే షుగరన్నారు. ఎందుకండీ మళ్ళీ మళ్ళీ ఇస్తారు అని నేను విసుక్కుంటే, "ఇవ్వడం మానేస్తే ఆయనకి అబద్ధమాడే అవసరం తప్పిపోద్ది కదమ్మా" అన్నారు.

ఆవిడది రేపల్లె పక్కన ఒక పేట. తండ్రి మిషన్ బళ్ళో పంతులు. ఆవిడ కూడా ఆ బళ్ళోనే పాఠాలు చెప్పి, తర్వాత ఈ చదువు చదువుకుని ఇటు వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి ఊళ్ళో వాళ్ళకి చాలా పనికొచ్చేది. కాపురం చేసిన మనిషైతే కాపురం సంగతి తెలిసేది అనేవాళ్ళు, ఆవిడకి వినపడేటట్టే. క్షయకి మందివ్వాలంటే డాక్టరుకి క్షయ వచ్చి ఉండాలా అనేవారు ఆవిడ. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పై ఆఫీసరు గారు లేరాండీ అని అడిగేవాళ్ళు. పైన కాకులున్నాయండి, కింద నేనే ఉన్నాను, కూర్చోండి అనేవారు.

ఆవిడ నాకు నేర్పిన అసలు పాఠం మంచినీళ్ళు అడగడం. ఏ ఇంటికి విచారణకి వెళ్ళినా కూర్చోగానే "కాసిని మంచినీళ్ళివ్వండమ్మా" అనేవారు. ఎండన పడి వచ్చాం కాబట్టి అడుగుతున్నారని మొదట్లో అనుకునేదాన్ని. వానాకాలంలో కూడా అడుగుతుంటే ఒకరోజు రైల్లో అదేంటండీ అని అడిగాను.

"మనం వస్తామని తెలిసి మాటలు సిద్ధం చేసుకుంటారమ్మా. నీళ్ళు సిద్ధం చేసుకోరు. ఎవరు లేచారో చూడు. లేచే ముందు ఎవరి మొహం చూశారో చూడు. బిందె ముట్టుకోటానికి కూడా ఎవరి మొహమో చూడాల్సి వస్తే, ఆ ఇంట్లో ఆ పిల్ల బతుకు ఇంక అడగక్కర్లేదు" అన్నారు.

ఆ తర్వాత నేను చూడడం నేర్చుకున్నాను. ఆవిడ చెప్పినవి కాక ఆవిడ చెప్పనిది కూడా చూశాను. కొన్ని ఇళ్ళలో నాకు గ్లాసు వచ్చేది, ఆవిడకి రాదు. నా ఇంటిపేరు అడిగి తెలుసుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆవిడ ఇంటిపేరు అడిగేవాళ్ళు కాదు, అడక్కుండానే తెలిసిపోయేది కాబోలు. తెలివిగలవాళ్ళు గోళీ సోడా తెప్పించేవాళ్ళు, సీసా ఇంటిది కాదు కాబట్టి. తెలివి లేనివాళ్ళు చెంబుతో తెచ్చి పైనుంచి పోసేవాళ్ళు. ఆవిడ గొడుగూ బుట్టా పక్కన పెట్టి, వంగి, దోసిలి పట్టి తాగేవారు. అక్కడ మీరెందుకండీ తాగాలి అని ఒకసారి ఏడ్చినంత పని చేశాను. "నేను నీళ్ళకొచ్చానా ఏంటి, పనికొచ్చాను" అన్నారు. అంతకుమించి ఆ సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. నేను ఇదంతా రాస్తున్నది ఆ అమ్మాయి గురించి కూడా.

పుట్టిల్లు పొన్నూరు. అత్తవారిది రేపల్లె దాటాక నిజాంపట్నం పోయే దారిలో కాలవ పక్క ఊరు. పొలాలున్న ఇల్లు. కట్నాల తగువు కాదు, అట్లాంటిదేమీ లేదు. మొగుడికి అనుమానం. పాలవాడితో మాట్లాడినా అనుమానమే, కిటికీ రెక్క తీసినా అనుమానమే. ఒకసారి పుట్టింటికి పారిపోయి వస్తే మొగుడూ మామా వచ్చి తీసుకెళ్ళారు. తండ్రే దగ్గరుండి బస్సెక్కించాడు. భార్య మీద ఆపేక్ష ఉన్నవాడికి ఆ మాత్రం అనుమానం ఉంటుందని అల్లుణ్ణి వెనకేసుకొచ్చాడట. తల్లి మాత్రం మనసు ఒప్పక, భర్తకి తెలియకుండా మా ఆఫీసుకి వచ్చింది. పిల్ల నోరు విప్పదండీ, ఒక్కసారి వెళ్ళి చూసి రండి అని బతిమాలింది.

మేడమూ నేనూ తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి, అక్కణ్ణించి బస్సులో వెళ్ళాం. ఎండ మాడిపోతోంది. అరుగు మీద అత్తగారు. నా ఇంటిపేరు విని, మా బాపట్ల బంధువుల పేర్లు కూడా నాలుగు అడిగి, కుర్చీ వేయించింది. మేడంకి అరుగు కింద గోనెపట్టా పరిచారు. మేడం దాని మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

ఆ అమ్మాయి లోపల్నించి రెండు గ్లాసులతో వచ్చింది. అంత ఎండలో మోచేతులు దాటిన వదులు జాకెట్టు వేసుకుంది. అత్తగారు ఒక చూపు చూసింది. ఆ అమ్మాయి వెనక్కి వెళ్ళి ఒక గ్లాసూ ఒక చెంబూ పట్టుకొచ్చింది. గ్లాసు నా చేతికి వచ్చింది. నేను దాన్ని పక్కన పెట్టబోతుంటే మేడం నా వైపు చూసి, తాగు అన్నట్టు తల ఊపారు. నేను తాగకపోతే ఆ తిట్లు ఆ పిల్లకి పడతాయి.

మేడం లేచి అరుగు అంచు దగ్గర కిందే నిలబడి, వంగి, దోసిలి పట్టారు. ఆ అమ్మాయి అరుగు మీద నిలబడి చెంబు ఎత్తింది. ఆవిడ తాగారు. ఆపి, ఇంకాసిని పొయ్యమ్మా అన్నారు. మళ్ళీ తాగారు. చెంబు అయిపోయాక మరో చెంబు అడిగారు. అంత నీళ్ళు ఏ మనిషీ తాగలేడు. మోచేతుల మీదుగా కారుతున్నా ఆవిడ తల పైకే పెట్టుకుని అట్లా తాగుతూనే ఉన్నారు. ఇంత దాహమేంటో అని అత్తగారు నవ్వింది. చివరికి కొంగుతో మూతి తుడుచుకుని, మీ నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా అని చెప్పి, అడగాల్సిన ప్రశ్నలేవీ అడక్కుండానే బయల్దేరదీశారు.

ఊరు దాటాక కాలవ గట్టు మీద ఆగి, తాగిందంతా కక్కేశారు. నేను కంగారుపడి వీపు రాస్తుంటే, "బీడీ కాల్పులమ్మా. మోచేతి కింద నించి చంక దాకా. పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి" అన్నారు. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను, నాకేమీ కనపడలేదు. కింద నించి చూసేవాళ్ళకే ఆ వదులు జాకెట్టు లోపల కనపడుతుంది. చాలాసేపటికి బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "నాకు గ్లాసిచ్చుంటే నాకు తెలిసేది కాదు."

తమ గ్లాసు కాపాడుకోవడంలో ఆ అత్తగారు తన కోడలి చెయ్యి చూపించేసింది. ఆ పొరపాటు చెయ్యాలంటే అట్లాంటి ఇంట్లో పుట్టి పెరిగి ఉండాలి.

తల్లి ఏదో పేరంటం వంక పెట్టి పిల్లని పొన్నూరు తెప్పించుకుని, మా ఆఫీసుకి తీసుకొచ్చింది. మేడం ఆ అమ్మాయితో లోపల చాలాసేపు కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒకటే మాట అంది. నేను వెళ్ళనండి అని. మేడం బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటింటి పని మాట్లాడి పెట్టారు. సాయంత్రం పాసింజరుకి నేను ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అంతా అనుకున్నట్టే అయ్యేది. ఎవరు కబురు మోశారో మరి, మధ్యాహ్నానికి అత్తమామలూ మొగుడూ ఇద్దరు పెద్దలతో కారులో దిగారు. పొన్నూరు నుంచి తండ్రి కూడా వచ్చాడు. వెనకే అధ్యక్షుడు గారు వచ్చారు. ముందు గదిలో కమిటీ కూర్చుంది.

మేడం లేచి, ఈ అమ్మాయిని వెనక్కి పంపడానికి వీల్లేదని, ఒంటి మీద కాల్చిన మచ్చలున్నాయని సూటిగా చెప్పేశారు. అబద్ధమన్నాడు మామగారు. మేడం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, చెయ్యి చూపిస్తావా అమ్మా, ఇష్టం లేకపోతే వద్దు అన్నారు. గది నిండా మగాళ్ళు. తండ్రి, మామ, మొగుడు, కమిటీ వాళ్ళు. ఆ అమ్మాయి కొంగు రెండు భుజాల చుట్టూ బిగించుకుని తల వంచుకుంది. మేడం బలవంతం చెయ్యలేదు.

"మరి మీరెక్కడ చూశారు?" అన్నారు అధ్యక్షుడు గారు.

"వాళ్ళింట్లో నీళ్ళు తాగేటప్పుడండి."

"నీళ్ళు తాగితే చేతి కింద ఎట్లా కనపడుద్ది మేడం?"

"దోసిట్లో పోశారండి. వంగి తాగాను. అందుకని కనపడింది" అన్నారు.

అంతే. ఇంక ఆ గదిలో ఎవరికీ కాల్పులు గుర్తు లేవు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళిస్తే ఇంత మాట పడాలా అని అత్తగారు కళ్ళొత్తుకుంది. మమ్మల్ని కులం కేసులో ఇరికిద్దామని చూస్తున్నారని మామగారు లేచి నిలబడ్డాడు. నేను కూడా అక్కడే ఉన్నానండి, ఆవిడ చెప్పింది నిజం అన్నాను. నువ్వు నేర్చుకోటానికి వచ్చావు, కూర్చుని నేర్చుకో అన్నారు కమిటీ వాళ్ళు. అధ్యక్షుడు గారు చేతులు చాపి అందరినీ శాంతపరుస్తూ మేడం వైపు తిరిగారు.

"ఇది కుటుంబ వ్యవహారం మేడం. కులం గొడవ ఇక్కడికి తేవద్దు."

అవమానం జరిగింది వాళ్ళకట. ఆ మామగారిని చల్లబరచడానికి కాఫీలు తెప్పించారు. అంత పెద్ద కుటుంబాన్ని నొప్పించాం కదా అని, సరిచెయ్యడానికి వాళ్ళడిగినట్టే పిల్లని వెనక్కి పంపడానికి ఒప్పుకున్నారు. మొగుడు పెళ్ళాం నెత్తిన చెయ్యి పెట్టి, ఇంక ఒక్క మాట కూడా అననని ఒట్టేశాడు. మేడం తన గదిలో ఒట్లు వేయనిచ్చేవారు కాదు. ఇది ముందు గది, కమిటీ గది. బజారు నుంచి దండలు వచ్చాయి, ఫొటో తీసేవాడు వచ్చాడు. తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు, సంతోషంతోనే.

బయల్దేరబోతూ ఆ అమ్మాయి ఆగింది. మెడలో దండ ఇంకా అట్లాగే ఉంది. నేరుగా మేడం దగ్గరికి వెళ్ళి, "కాసిని మంచినీళ్ళివ్వండి" అంది. మేడం లోపలికి వెళ్ళి తన కూజాలోంచి తన గ్లాసులో నింపి తెచ్చి ఇచ్చారు. ఆ అమ్మాయి ఎవరి మొహమూ చూడలేదు. గ్లాసు అంచు పెదాలకి ఆనించుకుని, అత్తగారి ఎదురుగా, మెల్లగా, మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు మేడం చేతికిచ్చి వెళ్ళి కారెక్కింది. ఆ సాయంత్రం నేనొక్కదాన్నే బాపట్ల వెళ్ళాను.

కోతలు కాకముందే ఆ అమ్మాయి కాలవలో తేలింది. బట్టలు ఉతుకుతుంటే కాలు జారిందన్నారు. పొలాలున్న ఇంట్లో, చాకలి వచ్చే ఇంట్లో, కోడలు కాలవకి వెళ్ళి బట్టలు ఎందుకు ఉతికిందో ఏ పోలీసూ అడగలేదు. ఇద్దరికీ దండలు వేసి తీసిన ఫొటో మాత్రం ఆఫీసు గోడ మీదే ఉంది. మేడం అధ్యక్షుడు గారింటికి వెళ్ళి, కనీసం ఆ ఫొటో అయినా దించమని అడిగారు. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, మీ ఆరోగ్యం బాగున్నట్టు లేదు, మీకు విశ్రాంతి అవసరం అని కమిటీ తీర్మానించింది. అప్పటికి ఆవిడకి ఒక్క జబ్బు కూడా లేదు.

మేడం రేపల్లె వెళ్ళిపోయారు. పేట అంచున చిన్న పెంకుటిల్లు, ముందు వరండా, పొట్టి గోడ. బోర్డు లేదు. అయినా ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. కొందరిని మొగుళ్ళతో కలిపి పంపారు, కొందరిని పంపలేదు. ఎంతమందిని కలిపారో, ఎంతమందిని విడదీశారో లెక్క అడిగేవాడు అక్కడ లేడు. కాపురాలు కూల్చే మనిషని తెనాలిలో పేరు వచ్చింది. ఆ పేరు తీసుకొచ్చి చెబితే, "కూలిపోయేది మనిషి మీద పడకుండా ఉంటే చాల్లే" అనేవారు. నేను ఉద్యోగంలో చేరాక కూడా వీలున్నప్పుడల్లా వెళ్ళేదాన్ని. వెళ్ళగానే ముందు నీళ్ళు, తర్వాత నిమ్మ బిళ్ళ.

కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉన్నట్టుండి ఆ అమ్మాయి మాట ఎత్తారు. ఇన్నేళ్ళలో ఆవిడంతట ఆవిడ ఎత్తడం అదే మొదలు.

"ఆ రోజు నేను దోసిలి మాట చెప్పకుండా ఉండాల్సిందమ్మా. చెంబు ఎత్తితే జాకెట్టు చెయ్యి జారింది, చూశాను అంటే సరిపోయేది. నా బాధ కూడా కలిపి చెప్పాను. వాళ్ళకి అది పట్టుకోటానికి దొరికింది" అన్నారు.

అబద్ధం చెప్పి ఉండాల్సిందా మీరు అన్నాను. ఏమో, పిల్ల బతికేదేమో అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. ఎందుకండీ మీరు మొయ్యడం, కాల్చినవాడు మొయ్యాలి, దండలు వేసినవాళ్ళు మొయ్యాలి అని గట్టిగానే అరిచాను. ఆవిడ పొట్లం విప్పి నా చేతిలో బిళ్ళ పెట్టారు. ఇంక నేనేం మాట్లాడను. మళ్ళీ ఆవిణ్ణి ప్రాణంతో చూడలేదు.

ఆ మిల్లు ఆయన హాయిగా నిద్రపోతాడు. ఆ మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని విన్నాను. ఆ గదిలో ఉన్నవాళ్ళందరిలో, నిజం చెప్పిన ఒక్క మనిషే ఇన్నేళ్ళూ తప్పు తనదనుకుని బతికింది. నాకు మింగుడు పడనిది ఇదే. ఆవిడ పోయారన్న దానికంటే ఇదే ఎక్కువ బాధ పెడుతోంది.

ఇంక సభ. బ్యానరు కింద మేడం ఫొటో, పూలదండ, అగరొత్తులు. అదే ముందు గది. పక్క గోడ మీద రంగు వెలిసిపోయి ఆ అమ్మాయి ఫొటో, మెడలో అదే దండ. కల్పవల్లి అన్నారు, ఎన్నో కాపురాలు కలిపారన్నారు. నా వంతు రాగానే ఆ గోడ వైపు చూపించి, ఈ కాపురం కలిపింది మేడం కాదండీ అని మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఊరి పేరు చెప్పానో లేదో కమిటీ సెక్రటరీ, నాకు ఫోన్ చేసినాయనే, వచ్చి నవ్వుతూ మైకు తీసుకున్నాడు. సమయం తక్కువగా ఉందట.

అంతకు ముందు భూస్థాపన రోజు సంగతి ఒకటుంది. అది చెప్పి ముగిస్తాను.

రేపల్లెలో వరండాలో మేడంని పడుకోబెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి గోడ వారన నిలబడ్డారు. వాళ్ళెవరో, ఎక్కడి నుంచి వచ్చారో ఎవరూ ఎవరినీ అడగలేదు. అధ్యక్షుడు గారు కారులో వచ్చారు. పెద్దవారైపోయారు, సెక్రటరీ చెయ్యి పట్టుకుని దింపాడు. పెద్ద దండ వేసి, చేతులు జోడించి, ఈ తల్లి మా ఊరికి దేవత అన్నారు. నిజంగానే కంటతడి పెట్టుకున్నారు కూడా.

మేడం దగ్గరే ఉంటూ వచ్చిన మేనకోడలు, ఎండన పడి వచ్చిన అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఒక స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆయన అందుకున్నారు. అందుకుని సెక్రటరీ మొహం చూశారు. నేను మేడం దగ్గర నేర్చుకున్నదాన్ని కదా, అది చూశాను. నీళ్ళకి షుగరు అడ్డం రాదు కాబట్టి, దాహం లేదమ్మా అన్నారు. గ్లాసు జాగ్రత్తగా పొట్టి గోడ మీద పెట్టి, వెళ్ళి కారెక్కారు.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. వరండాలో ఎవరూ లేరు. గోడ మీద గ్లాసు అట్లాగే ఉంది, అంచు దాకా నిండుగా. ఎవరి పెదాలూ తగల్లేదు.